మొదటిసారి వచ్చినవాళ్లకి ఇచ్చే గుడ్డ

చిల్లుపడ్డ గిన్నెలకి మాట్లు వేసే ఆయన ఆఖరిసారి వచ్చినప్పుడు మా ఖాలా రాగి గంగాళం చుట్టూ ఒకసారి తిరిగాడు. వేళ్లతో అక్కడక్కడా కొట్టి చూశాడు. సంచిలోంచి పనిముట్లు తియ్యకుండానే గట్టుమీద కూర్చుని, "ఇంక మాటు మీద మాటు వెయ్యాలమ్మా. కింద రాగి ఎక్కడుంది?" అన్నాడు. అంత దూరం వచ్చినందుకు ఖాలా ఆయనకి టీ ఇచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపించింది.

ఖాలా అంటే మా అమ్మ చెల్లెలు. పెడనలో ఆవిడ ఇంటి వెనకాల కలంకారీ అచ్చు పని చేసే షెడ్డు ఉంది. ఆవిడ భర్త, మా ఖాలూ, పోయాక ఆవిడే నడుపుకొస్తోంది. గుడ్డమీద అచ్చు వెయ్యగానే పని అయిపోదు. దాన్ని రంగూ ఆకులూ వేసిన నీళ్లలో ఉడికించాలి. అప్పటిదాకా వెలవెలబోయినట్టుండే పువ్వులు ఆ ఉడుకులోనే ఎర్రబడతాయి. ఆ గంగాళం రాగిదే అయ్యుండాలి, ఇనపదాంట్లో వేస్తే ఎరుపు కాస్తా నల్లబడిపోతుంది. అంచేత గంగాళం పోతే షెడ్డు పోయినట్టే. బల్ల ఉంటుంది, టేకు అచ్చులుంటాయి, అచ్చు వేసే పెద్దాయన ఉంటాడు, ఎరుపు మాత్రం ఉండదు. అంతకు ముందు గాలివానకి సగం రేకులు లేచిపోయి ఉన్నాయి కూడాను. సరుకు తీసుకెళ్లే వ్యాపారి, ఈ చలికాలం అయ్యేదాకా ఆగుతాను, ఆ తర్వాత నన్నేమీ అనుకోవద్దు, ఆర్డరు స్క్రీన్ ప్రింటువాళ్లకి ఇచ్చేస్తాను అని చెప్పి వెళ్లాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు. చాలా ఏళ్లు ఆగినవాడే.

ఆ షెడ్డుకి ఒక పద్ధతి ఉంది. మొదటిసారి ఎవరు అడుగుపెట్టినా ఒక చిన్న దస్తర్‌ఖాన్, అంటే అన్నం తినేటప్పుడు కింద పరుచుకునే గుడ్డ, చేతిలో పెట్టి పంపాలి. ఖాలూ వాళ్ల నాన్నగారి నుంచీ వస్తోంది. పని చూసిన మనిషి వట్టి చేతులతో వెళ్తే ఆ పనిలో బరకత్, అంటే దేవుడి దీవెన, ఉండదని ఆయన అనేవారట. కరెంటు మీటరు చూసే అబ్బాయి, పోస్టాయన, దారి తప్పి వచ్చినవాళ్లు, ఎవరైనా సరే. వచ్చినవాళ్లు వద్దండీ, ఎందుకండీ, అబ్బే అని మూడుసార్లు అంటారు. అది వాళ్ల మర్యాద. వినిపించుకోకుండా సంచిలో పెట్టెయ్యడం ఈ ఇంటి మర్యాద. అచ్చు వేసే పెద్దాయన నవ్వేవాడు. "మీ ఇంట్లో దొంగ పడ్డా గుడ్డ పట్టుకునే బయటికెళ్తాడు చెల్లెమ్మా" అనేవాడు. మొదటిసారి వచ్చిన దొంగైతే అంతేగా అన్నయ్యా అనేది ఖాలా.

నా సంగతి రెండు మాటల్లో చెప్తాను. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నేను బడికి వెళ్లలేదు. మా నాన్న బందరు కోర్టు బయట చెట్టుకింద బల్ల వేసుకుని అర్జీలు టైపు కొట్టేవారు. మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అయినా నాకు రాయడం వచ్చింది తెలుగే, అదీ నాన్న ఇంటికి తెచ్చిన పాత అర్జీల మీదే. "అయ్యా, తమ దివ్యసముఖమునకు" అన్నది నేను కూడబలుక్కుని చదివిన మొదటి వాక్యం. చదువు చెప్పడానికి ఒక తండ్రి దొరికాడు, ఊపిరి ఆడని పిల్లని పక్కన కూర్చోబెట్టుకునే ఓపిక ఆయనకి దొరికింది. ఇప్పటికీ అందుకు అల్లాకి శుక్ర్ చెప్పుకోని రోజు లేదు. అందుకని మా చుట్టాల్లో ఎవరికి కాగితం పని పడినా నా దగ్గరికి వస్తారు. ఖాలా కూడా అలాగే వచ్చింది. చేతిపనివాళ్లకి పనిముట్లు కొనుక్కోడానికి ప్రభుత్వం గ్రాంటు ఇస్తోందట, తిరిగి కట్టక్కర్లేదట, వడ్డీ ఉండదట అని వాళ్ల వార్డు సచివాలయంలో విని వచ్చింది. వడ్డీ అంటే ఆవిడ అప్పు ముట్టుకోదు. కాబట్టి గంగాళానికి ఉన్నది ఆ ఒక్క దారే. బ్యాంకు సంగతి ఎవరెత్తినా, నా గుమ్మంలోకి రానివ్వనిదాన్ని పొయ్యిమీదికి ఎక్కించమంటావా అనేది.

నేను చక్కని అర్జీ ఒకటి రాసి పెట్టుకున్నాను. నాన్న ఉంటే మెచ్చుకునేవారు. అది ఎవరికీ అక్కర్లేదని తెలియడానికి చాలా రోజులు పట్టలేదు.

సచివాలయంలో కూర్చునే అమ్మాయి మంచిది. మమ్మల్ని ఫ్యాను కింద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. అది మా చేతిలో ఉండదు ఆంటీ, ఆన్‌లైన్‌లో మీరే పెట్టుకోవాలి, ఎలా పెట్టాలో మాకు ట్రైనింగ్ ఇవ్వలేదు అంది. బందరు కోనేరు సెంటర్లో నెట్‌సెంటర్ అతను సైటు తెరిచి చూపించాడు. నింపడం ఎలాగో ఆ పక్కనే వీడియోలున్నాయి, ఇంటికెళ్లి చూసుకురండి అన్నాడు. చూశాం. ఒకటి హిందీలో ఉంది, ఇంకోటి ఇంగ్లీషులో. హిందీది కొంత అర్థమైంది కానీ అందులో ఆయన పాడిపశువుల గురించి చెప్తున్నాడు. సహాయం కోసం అని ఒక నంబరు ఇచ్చారు. చేస్తే పాట వచ్చేది. పాట అయ్యాక, మీ కాల్ మాకు ముఖ్యమైనది అని ఒక ఆడగొంతు చెప్పేది. ఖాలా ప్రతిసారీ ఆ గొంతుకి "సరే తల్లీ" అని బదులు చెప్పేది. జిల్లా ఆఫీసులో ఒక కిటికీ వాళ్లు ఇంకో కిటికీకి పంపారు. ఆ కిటికీ ఆయన, ఈ సెక్షను మారిందమ్మా, ఎక్కడికి మారిందో మాకూ ఆర్డరు రాలేదు అన్నాడు. విసుక్కోలేదు. ఆ రోజుల్లో మమ్మల్ని విసుక్కున్నవాళ్లు తక్కువ. దారి తెలిసినవాళ్లే లేరు.

ఇలా తిరుగుతుండగా, దివిసీమలో ఒకావిడకి ఇదే గ్రాంటు వచ్చిందనీ తాటాకు బుట్టల షెడ్డు కట్టుకుందనీ మాట్లు వేసే ఆయనే బందరులో కనపడి చెప్పాడు. గ్రాంటు వచ్చినవాళ్లని అడిగితే తెలుస్తుంది కదా అని బయల్దేరాం. బందరులో అవనిగడ్డ బస్సెక్కి, చల్లపల్లి దాటి, అవనిగడ్డలో దిగి, అక్కణ్ణించి నాగాయలంక రోడ్డులో ఆటోలో వెళ్లాం. వరి కోతకొచ్చి ఉంది. కాలవగట్టు పక్కన కొత్త రేకుల షెడ్డు, దానిమీద ప్రభుత్వ సాయంతో అని బోర్డు. ఆ బోర్డు చూడగానే ఖాలా ఏదో తన షెడ్డే అన్నట్టు సంతోషపడింది.

ఆ ఇంటావిడ మా ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. దాచుకోకుండా అంతా చెప్పింది. "మేం అప్లికేషన్ పెట్టలేదండీ, పెట్టించాం." ఒక మనిషి ఉన్నాడట. ఆధార్ ఇచ్చి, చూపించినచోట సంతకం పెడితే చాలట. చూడ్డానికి ఎవరొస్తారో, వచ్చినప్పుడు ఏం చెప్పాలో కూడా ఆయనే చెప్తాడట. వచ్చిన దాంట్లో ఆయన వాటా ఆయనకి ఇవ్వాలి. ఆ వాటా చివరికి ఎవరికి చేరుతుందమ్మా అని ఖాలా అడిగింది.

"అడగలేదండీ. అడిగితే పని అవదు."

ఆ మనిషి ఫోన్ నంబరు నా ఫోన్‌లో వేసి ఇచ్చింది. తిరిగొచ్చేటప్పుడు పులిగడ్డ దగ్గర బస్సు ఆగింది. ఖాలా, అది తీసెయ్యి అంది. ఏది అన్నాను. ఆ నంబరు అంది. "నమాజుకి పరుచుకునే జానమాజ్‌లు అచ్చువేసే షెడ్డే అది. లంచం కట్టి తెచ్చిన గంగాళంలో ఉడికిన గుడ్డమీద ఎవరో నుదురు ఆనిస్తారు. వాళ్లకి తెలీదు. నాకు తెలుస్తుంది." నేను తీసేశాను. మజ్జిగ ఇచ్చినావిడని మాత్రం ఇద్దరం చాలాసార్లు తలుచుకున్నాం. నిజం చెప్పినవాళ్లలో ఆవిడే మొదటిది.

తర్వాత కొన్నాళ్లకి, గుడివాడలో ఒక కాలేజీ హాల్లో గ్రాంట్లకి దరఖాస్తు ఎలా పెట్టాలో ఉచితంగా నేర్పుతారని సచివాలయం అమ్మాయి గుర్తుపెట్టుకుని ఫోన్ చేసి చెప్పింది. పెడనలో పాసింజరెక్కి వెళ్లాం. ఊరగాయలు పెట్టేవాళ్లు, కుట్టుమిషన్‌వాళ్లు, పుట్టగొడుగులు పెంచుతానని ఒకాయన, రొయ్యల చెరువు పోగొట్టుకున్నాయన, హాలు నిండా ఉన్నారు. నేర్పించడానికి విజయవాడ నుంచి ఒక మేడమ్ వచ్చింది. తెరమీద అక్షరాలన్నీ ఇంగ్లీషే, ఆవిడ మాట మాత్రం మన తెలుగే. ప్రాజెక్టు రిపోర్టు అంటే ఏంటి, కొటేషన్ ఎవరి దగ్గర తేవాలి, ఏ ఫోటో ఎటునుంచి తియ్యాలి, అన్నీ చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది. తిరిగీ తిరిగీ చివరికి అడగాల్సిన మనిషి దొరికిందని నాకు కళ్లు చెమర్చాయి.

మధ్యాహ్నం ఒక్కొక్కర్నీ లేపి, మీ అవసరం ఏంటో చెప్పండి, మీకు గ్రాంటు ఎందుకివ్వాలి అని అడిగింది. పుట్టగొడుగులాయన గడగడా చెప్పాడు. ఖాలా వంతు వచ్చింది. ఆవిడ కొంగు సర్దుకుని లేచి, అల్లా దయవల్ల అంతా బాగానే ఉంది, షెడ్డు ఉంది, అచ్చులు మా మావగారి కాలంనాటివి ఉన్నాయి, పనివాళ్లు నమ్మకస్తులు, గంగాళం కూడా చాలా ఏళ్లు పనిచేసింది, దాన్ని ఏమీ అనకూడదు అని చెప్పింది. హాల్లో అంతా నవ్వారు. మేడమ్ కూడా నవ్వు ఆపుకుంది.

"అంతా బాగుంటే ఇంటికెళ్లిపోండమ్మా మరి. మీకు ఏం లేదో అది చెప్పాలి."

ఉన్నది చెప్పుకోడమే మాకు అలవాటు. లేనిది పైకి లెక్కపెడితే ఇచ్చిన పైవాడిని తప్పుపట్టినట్టుంటుంది. ఖాలా మళ్లీ నిలబడి, గంగాళం లేదు అని ఒక్క మాట అని, ఎందుకో పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత రోజుల్లో షెడ్డులో ఇదే సాధన. అచ్చు వేస్తూ పెద్దాయన అడిగేవాడు, "చెప్పు చెల్లెమ్మా, మనకి ఏం లేదు?" "నీకు పళ్లు లేవు." "నావి కాదు, షెడ్డువి చెప్పు." "రేకులు లేవు. గంగాళం లేదు." "ఇంకా గట్టిగా. చూడ్డానికొచ్చే సారుకి వినపడాలి." ఆ నవ్వులు ఇప్పుడు తలుచుకుంటే ఆ షెడ్డులో అవే ఆఖరి నవ్వులనిపిస్తుంది.

సాయంత్రం ముగించేముందు మేడమ్ అన్న మాట ఒకటుంది. ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వకండి, ఇచ్చారని తెలిస్తే దరఖాస్తు పోతుంది, మళ్లీ ఆ ఆధార్ మీద పెట్టుకోడానికి ఉండదు అని. ఖాలా మొహం వెలిగిపోయింది. రైల్లో ఇంటికొచ్చేదాకా అదే మాట. చూశావా, గవర్నమెంటు కూడా మన మాటే అంటోంది అంది.

మేడమ్‌కి ఫోన్లు చేస్తూ, అడుగుతూ, కావలసినవన్నీ సమకూర్చుకున్నాం. ఆవిడ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నెట్‌సెంటర్‌లో నేను ఒక్కో మాటా చెప్తుంటే అతను కొట్టాడు. వివరాలు రాసే గడిలో నా అర్జీలోని ఒక్క వాక్యం అయినా పడితే బాగుండుననుకున్నాను, అక్షరాలు మించిపోయాయంది కంప్యూటరు. దరఖాస్తు అందింది అని మెసేజ్ వచ్చిన రోజు ఖాలా సేమ్యా వండి వీధిలో పంచింది.

చూడ్డానికి వచ్చిన ఆఫీసరంత పద్ధతైన మనిషిని మా ఎరుకలో చూడలేదు. ముందురోజే ఫోన్ చేసి చెప్పాడు. స్కూటర్ మీద ఒక్కడే వచ్చాడు. మనిషి వయసులో చిన్నవాడు, ఈ జిల్లాకి కొత్త. మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. గంగాళాన్ని వంగి చూశాడు, మాట్లు ఫోటోలు తీశాడు, లేచిపోయిన రేకుల కింద నిలబడి ఆకాశం ఫోటో తీశాడు. పెద్దాయన అచ్చు వేస్తుంటే పక్కన నిలబడి చాలాసేపు చూశాడు. ఖాలా, నేర్చుకున్నట్టే, రేకులు లేవు, గంగాళం లేదు అని గట్టిగా చెప్పింది. అతను నవ్వి, కనపడుతోందమ్మా, బాగా రాస్తాను అన్నాడు. బాగా రాస్తాను అన్న మాట నేను నా చెవులతో విన్నాను.

వెళ్లబోతుంటే ఖాలా లోపలికెళ్లి, ఆఖరి ఉడుకులో బాగా ఎర్రబడ్డ దస్తర్‌ఖాన్ ఒకటి తెచ్చింది. అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు. వద్దమ్మా అన్నాడు. మొదటిసారి వచ్చావు నాయనా అంది. నేను తీసుకోనమ్మా, తీసుకోకూడదు అన్నాడు. చిన్న గుడ్డేగా అంది. దయచేసి వద్దు అన్నాడు. మూడైపోయాయి. అతను హెల్మెట్ పెట్టుకుంటుంటే, ఖాలా దాన్ని మడిచి స్కూటర్‌కి తగిలించిన అతని సంచిలో ఫైలు పక్కన సర్దేసింది. నేనూ పెద్దాయనా చూస్తూనే ఉన్నాం. ప్రతిసారీ ఎలా సంతోషంగా చూస్తామో అలాగే చూశాం. రూపాయికీ ఆ గుడ్డకీ సంబంధం ఉందని మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

తర్వాత వచ్చిన మెసేజ్ ఇంగ్లీషులో ఉంది. తిరస్కరించారన్న మాట వరకూ నాకు అర్థమైంది. కారణం అన్నచోట క్షేత్ర పరిశీలన అని ఉందని నెట్‌సెంటర్ అతను చెప్పాడు. పొరపాటై ఉంటుంది, అంత బాగా రాస్తానన్నాడు కదా అని ఖాలా నన్ను తీసుకుని బందరు ఆఫీసుకి వెళ్లింది.

అతను మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు, కుర్చీలు చూపించాడు. బీరువాలోంచి ఫైలు తీసి బల్లమీద పెట్టాడు. అందులో మా ఫోటోలున్నాయి, గంగాళం ఉంది, ఆకాశం ఉంది. వాటి వెనకాల ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టిన మా గుడ్డ. మూలన ఒక కన్నం పొడిచి, ఫైలుకి కట్టే పచ్చ ట్యాగుతో మిగతా కాగితాలతోబాటు కట్టేశారు.

"నేను వద్దని మూడుసార్లు చెప్పాను కదమ్మా" అన్నాడతను. కోపంగా కాదు.

"మూడుసార్లు అందరూ అంటారు నాయనా" అంది ఖాలా.

అతను ఆవిడ మొహంలోకి చూశాడు. అప్పుడు అర్థమైందతనికి. ఎలా తెలుసంటే, చేతిలో పెన్ను మూతపెట్టి బల్లమీద పెట్టేశాడు. ఇక్కడికొచ్చి సంచి విప్పితే అందరి ముందూ ఇది పడిందనీ, పక్క సీట్లవాళ్లు నవ్వారనీ, తను ఎక్కడా ఏదీ ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్న మనిషిననీ, అందుకని అప్పటికప్పుడే దాన్ని లంచమని రాసి పైకి పంపేశాననీ చెప్పాడు. మీరు మంచివాళ్లేనమ్మా, నాకు అలాగే అనిపించింది, కానీ అనిపించింది రాయడానికి గడి లేదు అన్నాడు. ఇప్పుడు మార్చి రాయడానికి లేదా అని నేను అడిగాను. పైకి వెళ్లింది తన చేతిలోకి మళ్లీ రాదట. అప్పీలు చేసుకోవచ్చట. దానికి ఎవరు నేర్పిస్తారు బాబూ అని ఖాలా అడిగింది. అతను మమ్మల్ని మెట్ల దాకా వచ్చి దింపాడు.

నాకు అతని మీద ఎంత ప్రయత్నించినా కోపం రాలేదు. దివిసీమలో ఆవిడ చెప్పిన మనిషికి వాటా కట్టి ఉంటే ఎవరో ఒకరు వచ్చి ఆ గుడ్డ తీసుకుని మెడలో వేసుకుని వెళ్లి ఉండేవారు, ఇవాళ గంగాళం పొయ్యిమీద ఉండేది. మేం లంచం ఇచ్చేది లేదని పట్టుపట్టాం, అతను తీసుకోనని పట్టుపట్టాడు. దేశం మొత్తంలో అలాంటి ఇద్దరు ఎదురుపడితే జరగాల్సింది ఇదా అని ఒక రాత్రంతా దువాలో అడిగాను.

గుడివాడ మేడమ్‌కి ఫోన్ చేశాం. నంబరు పనిచెయ్యలేదు. కాలేజీకి వెళ్తే, ఆ శిక్షణ ప్రాజెక్టు అయిపోయిందమ్మా, మళ్లీ ఉంటే బోర్డు పెడతాం అన్నాడు వాచ్‌మన్. అప్పీలు ఆన్‌లైన్‌లో పెట్టాలంది సచివాలయం అమ్మాయి, పెడదామని కూర్చుంటే ఆధార్ నంబరు కొట్టగానే దానిమీద ఇంక కుదరదని ఎర్రక్షరాలు వచ్చాయి. నేను పాత అర్జీ తీసి, తిరగరాసి, రిజిస్టరు పోస్టులో పంపాను. అందినట్టు కార్డు వెనక్కొచ్చింది. అది అక్కడితో సరి. చలికాలం అయ్యాక వ్యాపారి వచ్చి, ఖాలాకి దండం పెట్టి, స్క్రీన్ ప్రింటువాళ్లకి ఇచ్చేశానని చెప్పి వెళ్లాడు. పెద్దాయన కొన్నాళ్లు పొద్దున్నే వచ్చి బల్ల తుడిచి కూర్చుని వెళ్లేవాడు. తర్వాత మానేశాడు.

ఒకరోజు గవర్నమెంటు కవర్లో ఆ గుడ్డ తిరిగొచ్చింది. ఫైలు మూసేశారట. ఖాలా సంతకం పెట్టి తీసుకుంది. "ఎంత బాగా మడిచారో చూడు" అంది. కన్నాన్ని ఎర్రదారంతో అల్లింది. ఆ ఎరుపూ ఈ ఎరుపూ కలవలేదు.

అచ్చులు కొనుక్కోడానికి విజయవాడ నుంచి ఒకతను వచ్చాడు. పాత అచ్చులు హోటళ్లలో గోడలకి పెట్టుకుంటారట. ఒకటైనా ఉంచుకో ఖాలా అన్నాను. అచ్చు ఒంటరిగా పనిచెయ్యదే, గీత అచ్చుకి నింపుడు అచ్చు కావాలి, ఒకటి ఉంచితే మిగతావెక్కడని అడుగుతుంది అంది. అట్టపెట్టెల్లో పాతగుడ్డలు వేసి తనే సర్దింది. పువ్వులున్న వైపు ఒరుసుకోకుండా జాగ్రత్త నాయనా అని అతనికి చెప్పింది. అతను సరే సరే అన్నాడు.

అంతా వ్యానులోకి ఎక్కాక, ఆవిడ లోపలికి వెళ్లింది. షెడ్డులో అచ్చు వేసిన గుడ్డ ఇంకేదీ లేదు. వచ్చినవాడు మొదటిసారి వచ్చాడు. ఆవిడ ఆ దస్తర్‌ఖాన్ తెచ్చి, మూలన చిన్న అతుకుంది, ఏమీ అనుకోకు అంటూ చాపింది.

అతను విప్పి చూశాడు. "పర్లేదండీ, పాతదనం బాగా కనపడుతోంది" అని తీసుకుని సీటు మీద పడేసుకున్నాడు.

ఒక్కసారి కూడా వద్దనలేదు. బతిమాలడానికి సిద్ధంగా లేచిన ఖాలా చెయ్యి కాసేపు అలాగే ఉండి, దిగింది.

వ్యాను మా సందులో వెనక్కి తిరగడానికి చాలా అవస్థపడింది. అసర్ నమాజుకి అజాన్ వినపడితే ఇద్దరం వుజూకి, కాళ్లూ చేతులూ కడుక్కోడానికి, లేచాం. ఆ పూట దేనికని శుక్ర్ చెప్పుకోవాలో నాకు వెంటనే తట్టలేదు. వ్యాను గోడకి తగలకుండా వెళ్లింది కదా అని, అదే చెప్పుకున్నాను.